పొర తీయని కత్తి

ముందుగా ఒక మాట. ఈ వారం భాగం రెండు రోజులు ఆలస్యంగా పంపాను. యాభై ఎనిమిదో ఏట అక్షరాలు దిద్దినదాన్ని, నా రాత నత్తనడకే. ఎక్కడైనా ఒత్తు జారినా, దీర్ఘం ఎగిరిపోయినా మన్నించండి. ఈసారి ఆలస్యానికి మాత్రం చేతిని అనలేను. రాయవలసింది ఏమిటో తెలిసి, రెండు రోజులపాటు తోమిన గిన్నెలే మళ్ళీ తోముతూ కూర్చున్నాను.

పోయిన వారం ఎక్కడ ఆపానో గుర్తు చేస్తాను. కత్తులు చేసే కార్ఖానాలో పరీక్ష గది ఊడ్చి తుడిచే మనిషిని నేను. సాన మేస్త్రీ భార్యను కాబట్టి అందరూ సానమ్మ అంటారు. ఆ గదిలో కత్తుల అంచులను మైక్రోస్కోపు కింద పెట్టి చూసే అమ్మాయికి కార్ఖానా పెట్టిన పేరు భూతద్దం. నాకు అక్షరాలు నేర్పింది ఆ పిల్లే. వాళ్ళ నాన్న తోలు కోసే మేస్త్రీ, మా ఆయనకు ఇరవై ఏళ్ళ స్నేహితుడు. మా ఆయన్ని ‘బావా’ అనేవాడు, నేను ‘అన్నయ్యా’ అనేదాన్ని. పదకొండేళ్ళ కిందట, అప్పుడే సాన పట్టి ఇచ్చిన కత్తి జారి అన్నయ్య ఎడమచేతి వేళ్ళు రెండు తెగిపోయాయి. సాన పట్టింది మా ఆయనేనని ప్రమాదం గురించి రాసిన కాగితం మీద ఉంది. అంతకు వారం ముందే ఇద్దరూ గొడవ పడ్డారు. ఆ కోపంతో బావ కావాలనే కత్తి చెడగొట్టాడని అన్నయ్య నమ్మాడు. మా ఆయన పోయి ఏడేళ్ళయినా ఆ నమ్మకం పోలేదు. భూతద్దం ఇప్పుడు ఆ కత్తినే పరీక్షిస్తానంది. పోల్చి చూడడానికి మామయ్య, అంటే మా ఆయన, చేత్తో సాన పట్టిన కత్తి ఇంకోటి ఉంటే తెమ్మంది. పెట్టె అడుగున ఉన్నదాన్ని గుడ్డలో చుట్టుకుని నేను పరీక్ష గది గడప దాటాను.

భోజనాల వేళ. కింద యంత్రాలు ఆగాయి. గదిలో మేమిద్దరమే.

“తలుపు వెయ్యి అత్తయ్యా,” అంది భూతద్దం. “సూపర్‌వైజరు చూశాడంటే, ఇవాళ ఇంటి కత్తులు తెచ్చావు, రేపు గరిటెలు కూడా తెస్తావా అంటాడు.”

“తెస్తే ఏం? మా ఇంట్లో గరిటె వంకరే. ఎందుకు వంకరో ఎవరైనా చూసి చెబితే పుణ్యం.”

పిల్ల పకపకా నవ్వింది. నవ్వితే అచ్చం వాళ్ళ నాన్నే. నేను తల తిప్పుకుని, తుడిచిన బల్లనే ఇంకోసారి తుడిచాను.

ఆ గది ఎప్పుడూ మర నూనె, స్పిరిట్ వాసన వేస్తుంది. గోడ పొడుగునా పళ్ళేలు, ప్రతి పళ్ళానికీ చీటీ. నా ఓనమాలు ఆ చీటీలే. నేను మొదట చదివిన మాట ‘పిడి’. రెండోది ‘తుప్పు’. ‘అంచు’ నేర్చుకోవడానికి మూడు రోజులు పట్టింది. ఆ రోజుల్లో భూతద్దం తన భోజనం సగంలో ఆపి నా పక్కన కూర్చునేది.

“నాన్న కత్తి అడగ్గానే ఇచ్చాడా?” అన్నాను.

“అడగ్గానేనా! మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు తెచ్చి నా కంచం పక్కన పెట్టాడు. చూసి చెప్పు, కావాలని చేశాడని తేలితే ఆ పేరు మళ్ళీ ఈ ఇంట్లో ఎత్తొద్దు అన్నాడు. కాదని తేలితే అని ఆగాడు.”

“తేలితే?”

“అంతే, చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. రెండింటికి గేటు దగ్గరికి వస్తానన్నాడు. పైకి రమ్మంటే వస్తాడట, లేకపోతే అట్నుంచి అటే పోతాడట.”

గోడ గడియారం ఒంటిగంటా పది చూపిస్తోంది.

భూతద్దం నూనెగుడ్డ విప్పింది. పదకొండేళ్ళుగా ఆ కత్తిని ఎవరూ వాడలేదు, సాన పట్టలేదు. పిడి మీద బొటనవేలు ఆనే చోట కర్ర అరిగి చిన్న గుంట పడింది. ఆ గుంట నాకు తెలుసు. ఒకవైపే అంచు పెట్టిన తోలుకత్తి. పిల్ల దాన్ని బిగింపులో పెట్టి, దీపం వాల్చి, కళ్ళు ఆనించింది.

నిజంగా పదునున్న అంచును పైనుంచి చూస్తే కనిపించదు. వెలుతురు నిలవడానికి చోటుండదు. అంచు మెరిసిందంటే అక్కడ పదును పోయినట్టు. ఇది ఆ పిల్ల చెప్పగా నేర్చుకున్నాను. మా ఆయన కూడా కత్తిని దీపానికి ఎత్తి, ఒక కన్ను మూసి ఇదే చూసేవారు.

పిల్ల పెదవి కొరుక్కుంటోంది. నాబ్ కొంచెం తిప్పింది, మళ్ళీ తిప్పింది.

“రా అత్తయ్యా. చూడు.”

వంగి చూశాను. అంచు పొడుగునా తెల్లగా మెరుస్తోంది. ఆ మెరుపు తిన్నగా లేదు. కుట్టు ఊడిన గుడ్డ అంచులా ఒకచోట పక్కకు వాలి, ఒకచోట చుట్టుకుని, ఒకచోట పీలికలుగా చిరిగి ఉంది.

“పొర తియ్యలేదు,” అంది పిల్ల.

నాకు తెలుసు. ఎవరూ చెప్పక్కర్లేదు.

చదివేవాళ్ళ కోసం చెబుతాను. కత్తిని రాయి మీద రుద్దుతుంటే అంచు పలచబడి, చివర కంటికి ఆనని రేకు ఒకటి లేస్తుంది. మా ఆయన దాన్ని పొర అనేవారు. తోలు పట్టీ మీద కత్తిని వెనక్కి నాలుగైదుసార్లు లాగితే అది రాలిపోతుంది, అప్పుడు అసలు అంచు మిగులుతుంది. పట్టీ మీద లాగకపోతే వచ్చే చిక్కేమిటంటే, కత్తి మొద్దుగా ఉండదు. రెండు కోతల వరకు పదునుకే పదును. కాగితం పెట్టి చూస్తే నీళ్ళు కోసినట్టు కోస్తుంది. మూడో కోతకు ఆ పొర మడత పడుతుంది, చేతిలో ఉన్నది ఇక కత్తి కాదు, బద్ద. కొత్త సాన కదా అని పనివాడు ఇంకాస్త బలంగా నొక్కుతాడు.

భూతద్దం కుర్చీలోంచి లేచి నా రెండు భుజాలూ పట్టుకుంది.

“చెడగొట్టాలనుకున్నవాడు అంచును రాయికేసి కొడతాడు అత్తయ్యా! ఇక్కడ చూడు, గీతలు ఎంత శ్రద్ధగా ఉన్నాయో, ఒక్కటి పక్కకు పోలేదు. చివర్లో పట్టీ మీద లాగలేదు, అంతే. మామయ్య మరిచిపోయాడు! కోపం కాదు, ఉత్త మరుపు. నాన్నకి ఇది చాలు.”

ఆ క్షణంలో నేను నోరు మూసుకుంటే కథ అక్కడితో అయిపోయేది. అన్నయ్యకు స్నేహితుడు తిరిగి దొరికేవాడు. పిల్ల సంతోషపడేది. చచ్చిపోయిన మనిషి మీద ఒక చిన్న మరుపు పడేది, ఎవరికి నొప్పి?

కానీ నా నోరు ఊరుకోలేదు.

“ఆయన తిండి మరిచిపోతారేమో గానీ పట్టీ మరిచిపోరు,” అన్నాను.

సాన పట్టేవాడి పెళ్ళాం పౌరుషం. దాచుకున్నదాన్ని అదే బయటపెట్టింది.

“నాకూ అదే అర్థం కావట్లేదు,” అంటూ పిల్ల మళ్ళీ కూర్చుంది. “నువ్వు తెచ్చింది ఇవ్వు, పక్కన పెట్టి చూస్తాను.”

గుడ్డ విప్పి ఇచ్చాను. అది కూడా తోలుకత్తే. అన్నయ్య వేళ్ళు పోయిన వారంలో మా కొట్టులో ఇచ్చిన వాళ్ళంతా తమ కత్తులు వెనక్కి పట్టుకుపోయారు. ఇదొక్కటే ఎవరూ రాక మిగిలిపోయింది. మా ఆయన చేతి పని అంటూ నా దగ్గర మిగిలింది కూడా ఇదొక్కటే. దీంతో నేను ఏమీ కోయలేదు.

పిల్ల బిగింపు సరిచేస్తుంటే నేను పళ్ళేలు తుడుస్తూ నిలబడ్డాను. ఇన్ని వారాలుగా మీకు చెప్పకుండా తప్పించుకు తిరిగినది ఇక్కడ చెబుతాను.

ఆ గొడవ చిన్నదే. కొట్టు ముందు పదిమంది ఉండగా అన్నయ్య, “కళ్ళు మసకేశాయి బావా నీకు, ఈ మధ్య నీ సాన సాయంత్రం దాకా నిలవట్లేదు,” అన్నాడు. సరదాకే అన్నాడు. మా ఆయనకు ముఖం మాడిపోయింది. “అయితే నీ కత్తి ఇక నేను ముట్టను, పో,” అన్నారు. వారం రోజులు ఇద్దరూ ఎడమొహం పెడమొహం. ఆ వారం రోజులూ మా ఆయన సరిగ్గా తినలేదు, నిద్రపోలేదు. వీధిలో చెప్పుల చప్పుడైతే తలెత్తి చూసేవారు.

ఒక మధ్యాహ్నం ఆయన లోపలి గదిలో కునుకు తీస్తుండగా అన్నయ్య వచ్చాడు. కత్తి రేకు పళ్ళెంలో పెట్టి, “బావ లేచాక ఇవ్వమ్మా, గంటలో వస్తా, పని తొందరగా ఉంది,” అని పోయాడు. ఆ మాట అనడానికి ఎంత సిగ్గుపడ్డాడో నాకు తెలిసింది. రాజీ తనంతట తానే గుమ్మంలోకి వచ్చింది, మా ఆయన లేచి పంతం పట్టి కత్తి ముట్టనంటారేమోనని భయం వేసింది. వంటకత్తులు నేను పట్టేదాన్ని. తోలుకత్తి మాత్రం ముట్టనిచ్చేవారు కాదు. ఆ రోజు ముట్టాను. నేను పట్టి ఆయన పట్టారని చెబితే ఇద్దరూ కలిసిపోతారు కదా అనుకున్నాను.

రాయి మీద బాగానే పట్టాను. తోలు పట్టీ లోపలి గది తలుపు చెక్కకు కొట్టి ఉంది. దాని మీద కత్తి లాగితే చప్పుడవుతుంది, ఆయన లేస్తారు. గుమ్మం దాకా వెళ్ళి, ఆయన నిద్ర చూసి వెనక్కి వచ్చాను. కాగితం ముక్క పెట్టి చూశాను. సర్రున కోసింది. నా చెయ్యి కూడా తక్కువ కాదని మురిసిపోయాను.

అన్నయ్య వచ్చి, “బావే పట్టాడా?” అన్నాడు. ముఖం చిన్నపిల్లాడిలా ఉంది.

“ఆయన కాక ఇంకెవరు అన్నయ్యా? మీ మీద కోపమంతా ఈ కత్తి మీద తీర్చుకున్నారు. ఇక మిగల్లేదు,” అన్నాను.

నవ్వించడానికి అన్నాను. నవ్వాడు కూడా. ఆ సాయంత్రం వేళ్ళు పోయాక ఆ మాటే అన్నయ్య చెవిలో మిగిలింది.

కబురు తెచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడి, కత్తి ఎవరు పట్టారని అడిగారు. మా ఆయన రాయి వైపు చూశారు. రాయి ఇంకా తడిగా ఉంది. నా వైపు చూడలేదు. “నేనే పట్టాను,” అన్నారు. రెండు రోజుల తర్వాత ఆ ప్రమాదం కాగితం వచ్చింది. ఆయన సంతకం చేశారు, సాక్షిగా నేను వేలిముద్ర వేశాను. అందులో ఏముందో చదవడం నాకప్పుడు రాదు. ఏముందో మాత్రం తెలుసు.

ఆ తర్వాత బతికిన నాలుగేళ్ళలో ఆయన నన్ను ఒక్క మాట అడగలేదు. ఒకటి మాత్రం చేశారు. మర్నాడు పొద్దున్నే తలుపు చెక్క నుంచి తోలు పట్టీ ఊడదీసి, తెచ్చి రాయి పక్కన కొట్టారు. నాలుగు మేకులు. ఆ నాలుగు దెబ్బలూ నేను వంటింట్లో నిలబడి విన్నాను. ఆ పట్టీ మీదికి ఆ తర్వాత తోలుకత్తి ఏదీ రాలేదు.

“ఇదేంటి!”

పిల్ల గొంతుకు ఉలిక్కిపడ్డాను.

“అత్తయ్యా, ఇలా రా. లేదు ఆగు, కత్తి తిరగేసి పెట్టానేమో.” బిగింపు విప్పింది, మళ్ళీ పెట్టింది. ఈ కత్తి, ఆ కత్తి, మళ్ళీ ఈ కత్తి. “లేదు. సరిగ్గానే ఉంది. మామయ్య కుడిచేత్తో పట్టాడు, గీతలన్నీ కుడికి వాలి ఉన్నాయి. నాన్న కత్తి మీదవి ఎడమకి. ఒకటీ రెండూ కాదు, అన్నీ!” చేతులు చరిచింది. “మరిచిపోవడం కూడా కాదత్తయ్యా! అసలు పట్టిందే మామయ్య కాదు! ఎవరో పుర్రచేతి మనిషి! అప్పట్లో మీ కొట్టులో పుర్రచెయ్యి ఎవరికి...”

మాట అక్కడ ఆగిపోయింది.

తుడుపు గుడ్డ నా ఎడమచేతిలో ఉంది.

నాలుగేళ్ళ కిందట ఈ బల్ల దగ్గరే నేను పెన్సిలు కుడిచేత్తో పట్టుకున్నాను. చిన్నప్పుడు పుర్రచెయ్యి వాడినప్పుడల్లా మా అమ్మ ఆ చేతి మీద కొట్టేది, బయటివాళ్ళ ముందు దాచుకోవడం నాకు అలవాటు. ఈ పిల్ల చూసి, పెన్సిలు తీసి నా ఎడమచేతిలో పెట్టింది. “ఏ చెయ్యి వస్తే ఆ చెయ్యి. అక్షరం ఏమీ అనుకోదు,” అంది.

ఇప్పుడు ఆ చేతినే చూస్తోంది.

“మామయ్యే పట్టాడని నాన్నకి చెప్పిందెవరు?”

“నేనే.”

“కాగితం మీద?”

“ఆయన తన మీద వేసుకున్నారు. నేను కాదనలేదు.”

“నాలుగేళ్ళు,” అంది. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. “నాలుగేళ్ళు నా పక్కన కూర్చుని అక్షరాలు దిద్దావు. రోజూ పొద్దున రాగానే, నాన్న బాగున్నాడా అని అడిగేదానివి. నేను ఇంటికెళ్ళి, అత్తయ్య నిన్ను అడిగింది నాన్నా అనేదాన్ని. ఎందుకడిగేదానివి?”

“బాగున్నాడని నువ్వంటే ఆ పూట నాకు ముద్ద దిగేది.”

“ఆయనకి దిగేదా? చొక్కా గుండీ పెట్టుకోవడానికి ఇప్పటికీ అమ్మ కావాలి. పదకొండేళ్ళుగా మామయ్యని తిట్టని రోజు లేదు. తిట్టి, ఆ తర్వాత ఏడ్చేవాడు. ఎందుకో మాకు తెలిసేది కాదు. స్నేహితుడు కదా పోయింది, వేళ్ళు కాదు!”

గుడ్డ మడిచాను, విప్పాను, మళ్ళీ మడిచాను.

భూతద్దం సొరుగులోంచి పరీక్ష కాగితం ఒకటి తీసింది. ప్రతి కత్తికీ రాసే మామూలు కాగితమే. గబగబా గళ్ళు నింపుతూ పోయింది. నేను పక్కనుంచి చదువుతూనే ఉన్నాను. చదవడం ఎందుకు వచ్చిందా అనిపించింది ఆ పూట. ‘అంచు: ఒకవైపు.’ ‘లోపం: పొర తీయలేదు.’ ‘గీతల వాలు: ఎడమకు.’ చివరి గడి ‘సాన పట్టినవారు.’ అక్కడ కలం ఆగింది.

“ఇది నేను రాయను,” అంది. “నేను రాస్తే మళ్ళీ ఇంకొకరు నీ తరపున చెప్పినట్టవుతుంది. మామయ్య ఒకసారి చెప్పాడు, చాలు.”

కలం నా ముందు పెట్టి లేచింది. రెండు కావడానికి ఐదు నిమిషాలుంది.

“నాన్నని పైకి తీసుకొస్తాను. ఈ కాగితం ఆయన చేతికే ఇస్తాను. ఆ గడి ఖాళీగా ఉంటే మామయ్య మరిచిపోయాడనే అనుకుంటాడు. గీతల సంగతి ఆయనకి తెలీదు. నేను నోరెత్తను, నీ మీద ఒట్టు. నీ ఇష్టం అత్తయ్యా.”

ఇంత జరిగాక కూడా అత్తయ్యా అంది. తలుపు తీసుకుని వెళ్ళింది.

ఒక్కదాన్నే మిగిలాను. బిగింపులో మా ఆయన కత్తి ఉంది. వంగి చూశాను. గీతలన్నీ ఒకే వాలులో, దువ్వినట్టు. పైన అంచు ఎక్కడా మెరవలేదు. ఎంత వెతికినా నల్లటి గీత తప్ప ఏమీ కనబడలేదు. ఆ చేతి మీద నేను వేయించిన మచ్చ అక్కడ ఎక్కడా లేదు. అది అంతా కాగితం మీదే ఉంది, పక్కన నా వేలిముద్రతో.

మెట్ల మీద అడుగులు. ముందు పిల్లవి, వెనక బరువుగా ఇంకో జత. సగంలో ఆగి దగ్గు. మా కొట్టు ముందు కూడా అలాగే దగ్గి, ఆ తర్వాత “బావా, బతికే ఉన్నావా?” అని అరిచేవాడు. మా ఆయన లోపల్నుంచి, “నీ బాకీ తీరకుండా చస్తానా?” అనేవారు. ఏ బాకీనో ఇద్దరికీ తెలీదు.

కలం తీసుకున్నాను. ముందు కుడిచేతిలోకి వచ్చింది, పాత అలవాటు. ఎడమకు మార్చుకున్నాను.

తలుపు అవతల అన్నయ్య గొంతు వినిపించింది. పదకొండేళ్ళలో మొదటిసారి.

“లోపల ఎవరమ్మా? మీ అత్త కూడా ఉందా?”

నేను రాస్తున్నాను. నా రాత నత్తనడకే అని ముందే చెప్పానుగా. తలుపు గడియ కదిలేసరికి చివరి గడిలో ఇంతవరకు వచ్చింది:

సాన పట్టినవారు: నేను. పొర తీయకుండా ఇచ్చింది నేను. ఆయన పట్టారని అబద్ధం చెప్పింది నేను. నేను పడుతున్నప్పుడు ఆయనకు ఏమీ తెలియదు.

పేరు: సానమ్మ.

వయసు: అరవై రెండు.

ఉండేది: పాత సాన కొట్టు వెనక గదిలో. అన్నయ్యకు దారి తెలుసు.